ఇది మాలు కాదు

మేస్త్రి భార్యను చంపింది మేస్త్రి అక్క.

ఇందులో వాదనకు తావు లేదు. ఈ మాట అతను కోపంలో అనేవాడు కాదు, తాగి అనేవాడు కాదు. సున్నం తెల్లగా ఉంటుందని చెప్పినంత మామూలుగా చెప్పేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అయ్యో, ఎలాగని అడిగితే, ఒక్క మాటతో అని చెప్పి ఇటుక అందుకునేవాడు.

ఆ మాట బద్ధకం.

కూతురు పుట్టిన కొన్ని నెలలకు అతని భార్య నెమ్మదించింది. ఇంటిని ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి, గిన్నె కడగడానికి కూర్చుని ఆ గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయేది. ఎండవేళ దుప్పటి కప్పుకునేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వెన పెడితే జుట్టు చేతికొచ్చేది. అప్పట్లో ఇంటి పెత్తనం అక్కది. మొగుడు పోయి తమ్ముడి ఇంటికి చేరిన మనిషి. ఆమె నోట మాట వచ్చిందంటే తీర్పే. వీధిలో అందరూ జడ్జిగారు అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసి మురిసిపోయేది. జడ్జిగారు మరదల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, రోగమూ కాదు పాడూ కాదు, బద్ధకం, పని చెబితే అదే పోతుందని తేల్చేసింది. దాంతో డాక్టరు ఊసు ముగిసింది. చలికాలంలో జ్వరం తగిలింది. ఒక పొద్దున ఎంత లేపినా ఆ మనిషి లేవలేదు.

ఆ రోజుల్లో మేస్త్రి ఏం చేస్తున్నాడని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అన్నీ అయిపోయాక అతను చేసిన మొదటి పని ఇంటి నడిమధ్యన గోడ కట్టడం. మట్టపుబద్ద పెట్టలేదు, తూకం గుండు వేలాడదీయలేదు. కసికొద్దీ ఇటుక మీద ఇటుక పెట్టుకుంటూ పోయాడు. అతని చేతి కింద లేచిన గోడల్లో వంకరగా ఉన్నది అదొక్కటే. ఇంటికి ఎవరైనా వస్తే దాని మీద బట్టలు ఆరేసేవాడు, మేస్త్రి ఇంట్లోనే ఇలాంటి గోడా అని నవ్విపోతారని. గోడకు అటు అక్క, ఇటు తను. ఆ రోజు నుంచి అక్కతో నేరుగా ఒక్క మాట ఆడలేదు.

అయితే పసిదాన్ని సాకడానికి మాత్రం గోడ అవతలి చేతులే దిక్కయ్యాయి. పొద్దున పనికి పోతూ పిల్లను పెరటి గడప మీద కూర్చోబెట్టేవాడు. అవతలినుంచి అక్క వచ్చి ఎత్తుకునేది. సాయంత్రం అదే గడప మీద దించేది. పిల్లకు మాటలు వచ్చాక ఇద్దరికీ అదే టపా అయింది. "మీ అత్తతో చెప్పు, పైకప్పు కారుతోందంటే రేపు చూస్తానని." "మీ నాన్నతో చెప్పు, కారేది నా నెత్తిన, ఆయన నెత్తిన కాదు గనక తీరిగ్గా చూడమని." ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి ఆ పిల్లకు గొంతు తేరింది. ఒక్క అక్షరం పోకుండా, ఒక్క అక్షరం కలపకుండా చెప్పడం అలవాటైంది. చివరికి అదే ఉద్యోగం అయింది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే పని. జడ్జిగారు మేనకోడలికి మైకు అనే పేరు పెట్టింది. మేస్త్రికి ఆ పేరు నచ్చింది. నచ్చిందని ఎక్కడా అనలేదు.

మైకు ఒక బస్సు డ్రైవరును చేసుకుంది. అల్లుడు దూరపు రూట్లలో తిరిగే మనిషి, ఇంట్లో ఉన్నవేళ తక్కువ, ఉన్నప్పుడు నిద్ర. అందుకని ఆమె తండ్రి దగ్గరే ఉండిపోయింది. కొడుకు పుట్టాడు. మొదటి నెలల్లో ఆమె కుదురుగా కూర్చునేది కాదు. చేతులు వణికేవి, గుండె దడదడమనేది, చీర చెంగు తగిలినా కసిరేది, మనిషి చీపురుపుల్లయింది. నిద్రలేక అన్నారు అందరూ. తర్వాత అన్నీ తలకిందులయ్యాయి. ఒళ్ళు బరువెక్కింది. ఎండలో చలి అంది. పిల్లాడికి పాలిస్తూ అలాగే తూగేది. ఒకరోజు మేస్త్రి పని నుంచి వచ్చేసరికి కూతురు పంపు దగ్గర కూర్చుని ఉంది. చేతిలో గిన్నె ఉంది. పంపు పారుతూనే ఉంది. ఆమె దాన్ని చూస్తూ ఉంది.

అతను తాపీ సంచి దించకుండానే పంపు కట్టేసి, పద అన్నాడు. ఎక్కడికని అడిగే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, గట్టిగా మాట్లాడే మనిషి. మెడ తడిమింది, రక్తం తీయించింది, మర్నాడు కాగితం చూసి విషయం చెప్పింది. ఇది థైరాయిడ్. మెడలో ఉండే చిన్న గ్రంథి. కాన్పయ్యాక కొందరిలో అది వాస్తుంది. ముందు తనలో ఉన్నదంతా ఒక్కసారే కుమ్మరించేస్తుంది, ఆ దడా వణుకూ అప్పటివే. తర్వాత ఖాళీ అయి చతికిలబడుతుంది. చాలామందికి ఏడాదో ఏడాదిన్నరో గడిచేసరికి దానంతట అదే సర్దుకుంటుంది, కొందరికి ఉండిపోతుంది. ఈలోగా రోజుకు ఒక చిన్న మాత్ర చాలు. పిల్లాడికి పాలు మానక్కర్లేదు.

చిన్న మాత్ర. ఆ రెండు మాటల దగ్గర మేస్త్రి ఆగిపోయాడు.

డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పింది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, దేనితో వేసుకోవాలో, దేనితో వేసుకోకూడదో వేళ్ళు మడిచి మరీ చెప్పింది. మేస్త్రి అదే కుర్చీలో ఉన్నాడు గానీ అక్కడ లేడు. అక్కను బోనెక్కించి నిలబెట్టాడు. చిన్న మాత్రతో పోయే దానికి నువ్వు పెట్టిన పేరేంటి అని అడిగాడు. ఆ విచారణ ముగిసేసరికి డాక్టరమ్మ చెప్పడమూ ముగిసింది. కూతురు తలూపింది. ఆమె బుర్రలో పొగ, చెప్పింది చెప్పినట్టు జారిపోతోంది. మరపు ఆ రోగంలో భాగమే.

ఇంటికి రాగానే మేస్త్రి వంకర గోడ ముందు నిలబడ్డాడు.

"గోడా, విన్నావా? దానికి మందుందట. చిన్న మాత్రట. బద్ధకానికి కాదు, రోగానికి."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. జీవితంలో మొదటిసారి జడ్జిగారి దగ్గర తీర్పు లేదు. మేస్త్రి తృప్తిగా కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి మందుల పెత్తనం అతనిది. తూకం గుండు దాచుకునే రేకు డబ్బాలో మాత్రలు పెట్టాడు. తను తప్ప ఇంకో చెయ్యి ఆ డబ్బాను తాకడానికి వీల్లేదన్నాడు, ముఖ్యంగా అవతలి చెయ్యి. కాన్పు నాటినుంచి ఆమె వేసుకుంటున్న ఇనుము మాత్రా, ఎముకలకిచ్చిన సున్నపు మాత్రా కూడా అందులోకే చేరాయి. పొద్దున కూతురు పళ్ళు తోముకోగానే మూడు మాత్రలూ అరచేతిలో పోసి, ఇంత పొడుగు గ్లాసుతో వేడి పాలిచ్చి, అవి గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడేవాడు.

అన్నీ ఒకేసారా అని ఆమె ఒకసారి అడిగింది. ఒకేసారే అన్నాడు. ఇసుక ఒకచోట, సిమెంటు ఒకచోట, నీళ్ళు ఒకచోట ఉంటే గోడ లేస్తుందా? మూడూ కలిస్తేనే మాలు. కలిస్తేనే పట్టు. జీవితమంతా అతను నమ్మింది అదే, కట్టిన ఇళ్ళన్నీ ఇంకా నిలబడే ఉన్నాయి. అతనికి అనుమానం ఎందుకొస్తుంది?

కొన్ని వారాలకు మళ్ళీ రక్తం తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి నొసలు ముడిచింది. టీఎస్‌హెచ్ అంకె దిగాల్సినంత దిగలేదు. మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా అని అడిగింది కూతుర్ని. జవాబు మేస్త్రి చెప్పాడు. పళ్ళు తోమగానే, ఏమీ తినకముందే, తనే దగ్గరుండి మింగిస్తున్నానని, ఒక్క పూటా తప్పలేదని. అందులో అబద్ధం లేదు. అతని లెక్కలో పాలు తిండి కాదు. ఇలాంటి తండ్రి అందరికీ ఉంటే నాకు సగం పని తగ్గుతుందని డాక్టరమ్మ మెచ్చుకుని, మోతాదు పెంచి పంపింది. మేస్త్రి ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు.

మోతాదు పెరిగింది. మనిషి మారలేదు.

కాన్పు సెలవులు అయిపోయాయి. మైకు బస్టాండుకు వెళ్ళింది. ఒకప్పుడు ఆ గొంతు గంట కొట్టినట్టుండేది. పళ్ళబండివాళ్ళు కూడా ఆమె చెబుతుంటే అరుపు ఆపేవారు. ఇప్పుడు తడిసిన గోనెసంచి ఈడ్చినట్టుంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య జనం బస్సెక్కి దిగేటంత ఎడం. ఆ వారంలోనే ఒక బస్సును తప్పు ప్లాట్‌ఫాం మీదికి చెప్పింది. జనం మూటాముల్లే ఎత్తుకుని అటు పరిగెత్తారు, బస్సు ఇటునుంచి వెళ్ళిపోయింది. ఒక ముసలాయన పడి మోచెయ్యి గీరుకున్నాడు. బస్టాండు కంట్రోలరు చెడ్డవాడు కాదు. పిలిచి కూర్చోబెట్టి, నెలాఖరుదాకా పోయిన సామాన్ల గదిలో ఉండమ్మా అన్నాడు. అప్పటికీ గొంతు రాకపోతే మైకు ఇంకొకరికి ఇచ్చేయాల్సి వస్తుందన్నాడు. ఆ గదిలో గొడుగులూ, ఒంటి చెప్పులూ, ఎవరూ అడగని టిఫిను క్యారియర్లూ ఉంటాయి.

ఆ సాయంత్రం ఆమె పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వంకర గోడకు ఆనుకుని కూర్చుంది.

"నాన్నా, మందు పనిచేయట్లేదు. రోగమైతే ఈపాటికి తగ్గాలి కదా. నాది నిజంగా బద్ధకమేనేమో."

మేస్త్రికి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. అంత గోడ కట్టినా ఆ మాట ఎలా దాటొచ్చిందో అతనికి తెలియలేదు. తెలియనిదానికల్లా అతని దగ్గర ఒకటే జవాబుంది. అవతలివాళ్ళ పనే ఇది. గడప దాటి వచ్చే కూర గిన్నెల్లో ఏదో కలుపుతున్నారు. అప్పటికప్పుడు పెరట్లోకి వెళ్ళి, ఈసారి గోడకు కాకుండా ఆకాశానికే చెప్పాడు, రేపటినుంచి ఆ వైపు గిన్నె గానీ మనిషి గానీ ఈ గడప తొక్కితే బాగుండదని. అవతల తలుపు మెల్లగా మూసుకుంది. జడ్జిగారు అప్పీలు కూడా చేసుకోలేదు.

తర్వాత కొన్నాళ్ళకు స్లాబు పని వచ్చింది. బస్టాండుకు ఎదురుగా రెండంతస్తుల ఇల్లు. స్లాబు మొదలెడితే మధ్యలో ఆపకూడదు, ఆపినచోట అతుకు పడుతుంది, అతుకు పడితే కారుతుంది. అందుకని తెల్లారకముందే వెళ్ళాలి. కూతురికి ఆ రోజు సెలవు, నిద్రలో ఉంది. మేస్త్రి మూడు మాత్రలూ పళ్ళెంలో పెట్టి, పాలు కాచి గ్లాసు మీద మూత పెట్టి, లేవగానే మింగమని ఆమె చెవిలో చెప్పి వెళ్ళాడు.

ఎండెక్కేసరికి మిక్సరు రొద చేస్తోంది. ఆడా మగా వరసగా నిలబడి తట్టలు పైకి అందిస్తున్నారు. మేస్త్రి పైన పోసిన మాలును పలకతో లాగి చదును చేస్తున్నాడు. ఎదురుగా బస్టాండు మైకులో ఎవడో దగ్గుతూ దగ్గుతూ బస్సులు చెబుతున్నాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా మేస్త్రి చేతిలో పలక గట్టిగా పడుతోంది.

"ఒరేయ్, దిగు కిందికి."

మిక్సరు రొదను చీల్చుకుని వచ్చిందా కేక. కింద మేస్త్రి అక్క. చంకలో పిల్లాడు, కాళ్ళకు చెప్పులు లేవు, చేతిలో మూత పెట్టిన గ్లాసు. తట్టలు మోసేవాళ్ళు ఆగిపోయారు. మేస్త్రిని ఒరేయ్ అనగలిగేవాళ్ళు భూమ్మీద ఉన్నారని వాళ్ళకు తెలియదు.

మేస్త్రి పక్కన తట్ట అందుకుంటున్న తట్టమ్మ వైపు తిరిగాడు. "స్లాబు నడుస్తోంది, ఇప్పుడు కుదరదని చెప్పు ఆవిడకి."

"నాకు చెవుడు లేదే అమ్మా, విన్నాను" అంది కిందినుంచి జడ్జిగారు. "కుదరకపోతే అక్కడే ఉండి విననీ. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే నీ హుకుం పక్కన పెట్టి లోపలికెళ్ళా. అది ఒళ్ళు తెలియకుండా పడుకుంది. పక్కన మూడు మాత్రలు, ఈ పాలు. రోజూ ఇంతేనా? ఇలాగే మింగిస్తున్నావా?"

"ఇలాగే మింగిస్తున్నానని చెప్పు. అన్నీ కలిపే. కలిస్తేనే పట్టేది."

"ఇది మాలు కాదురా!"

తట్ట వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి అటు చూసేసరికి ఆ నవ్వు మింగేశారు.

"ఆ చిన్న మాత్ర ఒంటరిగా పోవాలి కడుపులోకి" అంది ఆమె, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఉత్త మంచినీళ్ళతో. అది లోపల సర్దుకున్నాకే తిండయినా పాలయినా. ఇనుమూ సున్నం దాని దరిదాపుల్లోకి రాకూడదు, పూట గడవాలి. నువ్వు కలిపి పోస్తుంటే ఆ ఇనుము మాత్ర దీన్ని పట్టుకుని ఒంటికి అంటకుండా బయటికి ఈడ్చుకుపోతోంది. మందు పనిచేయక కాదు, నువ్వు చేయనివ్వక."

మేస్త్రి చేతిలో పలక ఆగింది. తట్టమ్మ మొహం చూశాడు. ఆమె తలవంచుకుంది, ఈ మాట ఎలా మోయాలో ఆమెకు తెలియలేదు. అతను స్లాబు అంచుకొచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి అక్క మొహంలోకి చూసి అడిగాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"డాక్టరమ్మ. నేనొక్కదాన్నే వెళ్ళా, నువ్వు గోడకు చెప్పిన మర్నాడు."

"నీకేం పని అక్కడ?"

ఆమె పిల్లాణ్ణి ఇటు చంకనుంచి అటు చంకకు మార్చుకుంది.

"మరదలి సంగతి అడగడానికి. అదీ ఇదేనా అని. చూడని మనిషి గురించి చెప్పలేనంది. ఆ లక్షణాలు చెబితే మాత్రం అన్నీ విని చేతిలో కలం కింద పెట్టేసింది. ఆ తర్వాత మన పిల్లకు ఎలా ఇవ్వాలో అంతా చెప్పింది. నీకూ చెప్పానంది. విన్నావనుకున్నా."

మిక్సరు తిరుగుతోంది. తట్టలు ఆగి ఉన్నాయి. మాలు ఆరిపోతే అతుకు పడుతుంది. మేస్త్రి ఏదో అనబోయాడు. చివరికి పనివాళ్ళ వైపు తిరిగి, ఏం చూస్తున్నారు, తట్టలు కదలనీయండని గదిమాడు. కిందికి చూడకుండానే అన్నాడు:

"ఇవాళ్టి మాత్ర?"

"నీళ్ళతో వేయించా. మిగతావి రాత్రి అన్నం తర్వాత. ఈ పాలు నువ్వు తాగు, నీకే అవసరం."

గ్లాసు ఇటుకల మీద పెట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా అది అక్కడే ఉంది. తర్వాత చూస్తే ఖాళీగా ఉంది. ఎవరు తాగారో చూసినవాళ్ళు ఉన్నారు గానీ చెప్పినవాళ్ళు లేరు.

మర్నాడు మేస్త్రి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, పాలతో కలిపి ఇచ్చానని చెప్పేశాడు. ఎందుకలా చేశారని ఆమె అడిగితే, చేశానని చెప్పాను కదా అన్నాడు. ఆమె ఇంక తవ్వలేదు. సరిగ్గా ఇస్తే పెంచిన మోతాదు ఎక్కువైపోతుందని చెప్పి, వెనక్కి తగ్గించి రాసింది. ఈసారి మేస్త్రి ప్రతి మాటా విన్నాడు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఎవర్నీ బోనెక్కించలేదు.

రేకు డబ్బా పెరటి గడప మీదికి మారింది. పొద్దున్నే అవతలినుంచి గోడ మీద గరిటెతో మూడు దెబ్బలు పడేవి. మేస్త్రి మంచినీళ్ళ గ్లాసుతో కూతుర్ని లేపేవాడు. రాత్రి అన్నాలయ్యాక మళ్ళీ దెబ్బలు, అవి ఇనుముకు. మేస్త్రి ఇంట్లో ఉన్న గడియారం చచ్చిపోయి చాలాకాలమైంది, దాన్ని బాగుచేయించే అవసరం ఇప్పుడు అసలే లేకపోయింది. దెబ్బ పడటం కాస్త ఆలస్యమైతే మాత్రం, జడ్జిగారు ఇంకా లేవలేదేమో కనుక్కోమని పిల్లాడికి చెప్పేవాడు. పిల్లాడు నోట్లో వేలేసుకుని వినేవాడు. ఇంటికి కొత్త టపా తయారవుతున్నాడు.

నెలాఖరుకు మైకు ఇంకా పూర్తిగా తేరుకోలేదు గానీ కంట్రోలరు ఆమె మొహం చూసి గడువు పొడిగించాడు. పోయిన సామాన్ల గదిలో ఆమె ఒంటి చెప్పులన్నిటినీ జతలుగా సర్దేసిందట. బద్ధకస్తులు చేసే పని కాదమ్మా ఇది అన్నాడట. ఆ మాట ఆమె ఇంటికి మోసుకొచ్చి గోడకు ఇటూ అటూ కూడా వినిపించింది, ఒక్క అక్షరం పోకుండా.

ఇంకొన్ని వారాలకు అంకె దిగింది. మొహం వాపు తీసింది. దుప్పటి మడతపడింది. ఒక ఉదయం మేస్త్రి బస్టాండు ఎదుటి ఇంటికి పూత పూస్తున్నాడు. ఎదురుగా మైకు గరగరమంది. తర్వాత గంట కొట్టినట్టు ఒక గొంతు, ఫలానా బస్సు ఫలానా చోట ఆగి ఉందని చెప్పింది. ఒక్క తడబాటు లేదు. పళ్ళబండివాడు అరుపు ఆపాడు. మేస్త్రి తాపీ గోడకానించి అలాగే నిలబడిపోయాడు. పూసిన పూత అంచు ఆరిపోయింది. దాన్ని గీకి మళ్ళీ పూయాల్సి వచ్చింది. పని పాడైనందుకు అతను ఎవర్నీ తిట్టని రోజు అదొక్కటే.

ఆ సాయంత్రం కూతురు వచ్చేసరికి మేస్త్రి పెరట్లో తాపీ కడుక్కుంటున్నాడు. గోడ అవతల గిన్నెల చప్పుడు. ఆమె వంకర గోడ మీద చెయ్యి వేసింది.

"నాన్నా, ఇది తీసేద్దామా?"

"గోడ జోలికి రాకు."

"సరే. ఒకటి అడుగుతా చెప్పు. అమ్మను అత్తే చంపిందంటావు కదా. ఇంకా అంతేనా?"

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి తాపీని నీళ్ళలో ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. కాదు అనలేదు. అవును అనలేదు.

"ఆ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దు" అన్నాడు. "నేనూ ఎత్తను. ఈ ఇంట్లో గానీ పనిలో గానీ, నా నోట ఆ మాట ఇక రాదు."

తాపీ తుడిచి సంచిలో పెట్టాడు. ఆ మాట మళ్ళీ రాలేదు.